విరమణ లేని పదవులు

కాకినాడకు పెన్షనర్ల స్వర్గమని పేరు. తిన్నగా గీత గీసినట్టుండే వీధులు, కూతవేటులో సముద్రం, అడుగడుక్కీ ఆసుపత్రి, షుగరున్నా మానలేని కాజా. స్వర్గంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. అందులో అడుగుపెట్టిన ప్రతివాడూ ఇంద్రపదవి తనకే దక్కాలనుకుంటాడు. మా విశ్రాంత ఉద్యోగుల సంఘంలో ఇంద్రులకు కొదవ లేదు. ఐరావతాలకే కరువు, అంచేత ఆటోల్లో వస్తారు.

మా సంఘంలో ఎవరికీ పేర్లుండవు. ఎస్.ఈ. గారు, డి.టి. గారు, ఎస్.టి.ఓ. గారు, సీ.ఐ. గారు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేర్లు ఆధార్ కార్డుకీ పెన్షన్ పుస్తకానికీ మిగిలాయి. గేటు మీది నల్లరాతి పలకలో హోదా బంగారు అక్షరాలతో మెరుస్తుంటుంది. పక్కనున్న ‘రిటైర్డ్’ కనపడాలంటే శుక్లాలు తీయించుకున్నాక వెళ్ళాలి.

విరమణ వయసు మీద మన ప్రభుత్వాలు చెయ్యని ప్రయోగం లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58 నుంచి 55కి దించింది. ఊరూవాడా గగ్గోలు పుట్టింది, మళ్ళీ 58 అయింది. రాష్ట్రం విడిపోయిన 2014లో ఆంధ్రప్రదేశ్ 60 చేసింది, 2022లో 62కి పెంచింది. అటు తెలంగాణ 2021లో 61 అంది. కుర్చీలోంచి మనిషిని లేపడానికి ఇన్ని జీవోలు వచ్చాయి. మనిషిలోంచి కుర్చీని లేపే జీవో మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

సంఘం ఆశయాలు చదివితే కళ్ళు చెమరుస్తాయి. సభ్యులలో నిరంతర విద్యాసక్తిని పెంపొందించుట, పరస్పర సౌహార్దమును వృద్ధి చేయుట, అనుభవసంపదను సమాజమునకు పంచుట. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టాలంటే ఏడుగురుంటే చాలు. ఏడుగురు మావాళ్ళకేం సరిపోతారు? గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, కార్యనిర్వాహక అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, ప్రచార కార్యదర్శి, కోశాధికారి, అందులోనూ ఇమడనివారికి సలహామండలి. పదవి లేని సభ్యుడెవరైనా అధ్యక్షులవారి బీపీ గురించి మరీ ఆప్యాయంగా ఆరా తీస్తున్నాడంటే ఊరికే కాదు.

ఇక చదువు. ఆదివారం జరిగే విజ్ఞానసభకు వచ్చి చూడాలి. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ పరిచయం, ఆ పరిచయానికి ధన్యవాదం, ఆపైన అధ్యక్షుల తొలిపలుకులు. ఇవి ముగిసేసరికి వక్తగారికి షుగరు పడిపోతుంది. గబగబా నాలుగు ముక్కలు చెప్పించి, శాలువా కప్పి, ఉప్మా పెట్టి పంపిస్తారు. విషయాలకు లోటు లేదు. ‘పెడదారిన నేటి యువత’ అనే సదస్సులో హాలంతటికీ చిన్నవాడి వయసు 64. ‘అమెరికాలో పరిశుభ్రత’ మీద, కొడుకు దగ్గర ఆరు నెలలుండొచ్చిన ప్రతివారూ మాట్లాడారు. అందరి ప్రసంగమూ ఒకటే, ఊరి పేరు మాత్రం ఒకరు డాలస్ అన్నారు, ఇంకొకరు న్యూజెర్సీ అన్నారు. ‘నిష్కామకర్మ’ మీద ప్రవచనం పెట్టిన రోజే కార్యవర్గానికి నామినేషన్లు. ప్రవచనం సగంలో ఉండగా హాలు ఖాళీ అయింది.

ప్రసంగం తర్వాత ప్రశ్నలకు అవకాశం ఇస్తారు. మా సంఘంలో ప్రశ్న అడగడానికి ఎవరూ లేవరు, చిన్న అనుబంధం చెప్పడానికి లేస్తారు. వక్త ఏ విషయం మీద మాట్లాడినా సరే, ఎస్.ఈ. గారి అనుబంధం 1986 ఆగస్టుకు వెళ్ళి ఆగుతుంది. ఆ ఏడాది గోదావరికి వచ్చిన వరద నిజంగానే మహా వరద. అప్పట్లో ఆయన గట్టు మీద ఇసుక బస్తాలు లెక్కపెట్టే చిన్న ఇంజనీరు. ఏటేటా ఆ కథలో నీటిమట్టం పెరుగుతోంది, బస్తాలు వేసిన కూలీల సంఖ్య తగ్గుతోంది. ఇంకో రెండు మూడు ఆదివారాలు పోతే గోదావరికి ఆయనొక్కరే అడ్డంగా పడుకుంటారు.

నూరుమంది మేష్టర్లుండి ఒక్క పిల్లవాడూ లేని బడి ఇది. ‘నాకు తెలియదు, చెప్పండి’ అంటే ఇంక్రిమెంటు కోస్తారన్న భయం ఇంకా వదల్లేదు. ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళ మీద ‘చర్చించండి’ అని రాసి అవతల పారేసిన చేతికి పలకా బలపం పట్టుకోవడం నామోషీ.

రిటైరైనవాళ్ళ చదువనే ఈ పనిని లోకంలో ఇంకో తీరుగా కూడా చేశారు. ఫ్రాన్సులోని టులూజ్‌లో 1973లో పియర్ వెల్లాస్ అనే ఆచార్యుడు రిటైరైనవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం తలుపులు తెరిచి, ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ అన్నాడు. అది ఇంగ్లండు చేరేసరికి ఇంకో అడుగు ముందుకు పడింది. పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ అనే ముగ్గురు పూనుకుంటే, 1982లో కేంబ్రిడ్జిలో ఆచార్యులే లేని విశ్వవిద్యాలయం మొదలైంది. పరీక్షల్లేవు, పట్టాల్లేవు, జీతాల్లేవు. లాటిన్ వచ్చినవాడు పొద్దున లాటిన్ చెబుతాడు, మధ్యాహ్నం పక్క గదికెళ్ళి వడ్రంగి దగ్గర చిత్రిక పట్టడం నేర్చుకుంటాడు. చెప్పేవాడే నేర్చుకునేవాడు, నేర్చుకునేవాడే చెప్పేవాడు. ఉన్న నియమమల్లా అదే. ఈ సంగతి నేను కార్యవర్గానికి వివరంగా చెప్పాను. ఎస్.ఈ. గారు శ్రద్ధగా విని, “బాగుందండీ, అధ్యక్షత ఎవరిది?” అన్నారు.

ఇంగ్లండు దాకా ఎందుకు? అదే 1982 ఆగస్టులో హైదరాబాదులో దేశంలోకల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు దాన్ని అంబేడ్కర్ పేరుతో పిలుస్తున్నాం. బడి మొహం చూడనివాడు కూడా డిగ్రీ చదువుకోవచ్చని చెప్పిన తెలుగునేల ఇది. అదే ఏడాది డిసెంబరు 17న సుప్రీంకోర్టులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షనంటే సర్కారు విదిల్చే దానం కాదు, చేసిన కొలువుకు దక్కాల్సిన హక్కు అంది. ఫలానా తేదీకి ముందు దిగినవాళ్ళు ఒక తరగతి, తర్వాత దిగినవాళ్ళు ఇంకో తరగతి అంటే కుదరదు, పెన్షనర్లందరూ ఒక్కటే వర్గం అంది. అందుకే ఏటా డిసెంబరు 17ని పెన్షనర్ల దినంగా జరుపుకుంటాం.

ఆ రోజు మా హాలుకు వచ్చి చూడండి. మొదటి వరసలో టర్కీ తువ్వాళ్ళు పరిచిన సోఫాలు, గెజిటెడ్ వారికి. రెండో వరస మెత్త కుర్చీలు, సూపరింటెండెంట్ స్థాయి. ఆ వెనకవన్నీ ప్లాస్టిక్ కుర్చీలు, గుమాస్తాలకూ టీచర్లకూ. చిట్టచివర ఫ్యామిలీ పెన్షనర్లు, అంటే భర్త పోయాక ఆయన పెన్షన్‌లో కొంత అందుకుంటున్న ఆడవాళ్ళు. గుమ్మం దగ్గర నిలబడి నాలుగో తరగతివారు. పెన్షనర్లందరూ ఒక్కటే వర్గమన్న తీర్పు పాఠాన్ని మైకులో చదువుతుంటే ఈ అయిదు వర్గాలూ చప్పట్లు కొడతాయి. సోఫాల చప్పట్లు ముందు మొదలవుతాయి. ప్లాస్టిక్ కుర్చీలు అది చూసుకుని అందుకుంటాయి.

గుమ్మం దగ్గరివాళ్ళలో ఒకాయన గురించి చెప్పి తీరాలి. కలెక్టరేటు రికార్డు రూములో అటెండరుగా పుట్టి అటెండరుగానే దిగాడు. డెబ్భై దాటాయి, అదనపు పెన్షన్ కూడా మొదలైంది. సభ్యత్వ రుసుం ఎస్.ఈ. గారు ఎంత కట్టారో ఈయనా అంతే కట్టాడు. కానీ టీ ఫ్లాస్కు రాగానే నూరు తలలూ ఈయన వైపే తిరుగుతాయి. ఎవరూ నోరు తెరిచి అడగరు. అంత సంస్కారం లేనివాళ్ళేం కాదు. ఈయనే లేస్తాడు. గ్లాసులు పంచేటప్పుడు ఇప్పటికీ గ్రేడు వరస తప్పడు, సూపరింటెండెంటు గ్లాసు కంటే ముందు గుమాస్తా గ్లాసు కదలదు. తనకి టీ మిగిలితే గుమ్మం అవతల తాగుతాడు. ఆయన్ని పిలిచే పిలుపు “ఏమోయ్.” పిలిచేవాడు ఆయనకంటే ఆరేళ్ళు చిన్న.

ఈ మనిషికి తెలిసినంత మా సంఘంలో ఇంకెవరికీ తెలియదు. డైగ్లాట్ రిజిస్టరులో ఏ సర్వే నంబరు ఏ పేజీలో ఉంటుందో, ఎఫ్.ఎం.బి. పటం నకలులో గొలుసు కొలతలు ఎలా చదవాలో, అడంగల్‌లో పేరు మారినప్పుడు ఎక్కడ కాగితం జారిపోతుందో, పాత దస్తావేజులో ‘తూర్పు: పుంత’ అని ఉంటే ఇప్పుడా పుంత ఎవరి ప్రహరీలో కలిసిపోయిందో ఆయన వేళ్ళ మీద చెబుతాడు. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది మొదలు ఆయన ఇంటికి చీకటి పడ్డాక ఒక్కొక్కరే వస్తున్నారు. ఊళ్ళో ఉన్న అరెకరం సరిహద్దు చెదిరిందని డి.టి. గారు వచ్చారు. ముప్ఫయ్యేళ్ళు రెవెన్యూలో సంతకాలు పెట్టిన పెద్దమనిషి, తన పొలం పటం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారట. అటెండరు గారు వినయంగా కాగితాన్ని తిప్పి చేతిలో పెట్టాడు. ఆ రాత్రి నేర్చుకున్నంత డి.టి. గారు సర్వీసులో నేర్చుకోలేదు. మర్నాడు సంఘంలో టీ రాగానే ఆయన తలా అటే తిరిగింది.

నిరుడు స్మార్ట్‌ఫోన్ శిక్షణ పెట్టారు. లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీకి పోయి, వరసలో నిలబడి, బతికే ఉన్నానని చూపించుకునే రోజులు పోయాయి. జీవన్ ప్రమాణ్ 2014లోనే వచ్చింది, 2021 నుంచి వేలిముద్ర కూడా అక్కర్లేదు, ఫోనులో మొహం చూపిస్తే చాలు. నేర్పడానికి ఎవరు దొరుకుతారా అని వెతికితే, బీటెక్ రెండో ఏడు చదువుతున్న అటెండరు గారి మనవరాలు ఒప్పుకుంది. పిల్ల ఎస్.ఈ. గారి దగ్గరికి ఫోను పట్టుకొచ్చి, “తాతగారూ, దీనిలోకి చూస్తూ ఓసారి కళ్ళు ఆర్పండి” అంది.

“ఎందుకు?”

“మీరు బతికే ఉన్నారని దానికి తెలియాలి కదండీ.”

“ఎదురుగా కూర్చున్నాను కదమ్మా!”

“ఫొటో కాదని నమ్మాలండి. కళ్ళార్పితేనే నమ్ముతుంది.”

ఎస్.ఈ. గారు ఆర్పలేదు. సర్వీసులో ఆయన చూపు నిలిపితే కాంట్రాక్టర్లే రెప్పలు వాల్చేవారు. ఆ చూపే ఫోను మీద నిలిపారు. ఫోను మూడుసార్లు అడిగి, గడువు దాటిందని చెప్పి మానుకుంది. “ఈ యాప్ డిజైన్ చేసిన ఇంజనీరు ఎవడు?” అని ఆయన లేవబోయారు. ఆ కోపంలో రెప్పలు టపటపలాడాయి, అంతలో ఆ పిల్ల చటుక్కున ఫోను అడ్డం పెట్టింది. సర్టిఫికెట్ వచ్చేసింది. అయినా ఆయన పిల్లను మెచ్చుకోలేదు. యాప్ తన దారికి వచ్చిందన్నారు.

తర్వాత ఫోను మోసాల గురించి చెబుదామని పిల్ల కాగితం తీసింది. అధ్యక్షులవారు మైకు అందుకుని సాంకేతిక విజ్ఞానం మీద ఉపసంహార ప్రసంగం మొదలుపెట్టారు. అది వందన సమర్పణలోకి పోయింది, అది ఉప్మాలోకి పోయింది. పిల్ల కాగితం మడిచి పెట్టుకుంది.

ఆ కాగితంలో ఏముందో మర్నెలలోనే అందరికీ తెలిసింది. సీ.ఐ. గారికి వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ చొక్కా, వెనక గోడకు జాతీయ జెండా, ‘డీసీపీని మాట్లాడుతున్నా, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు’ అని ఒక గొంతు. వీడియోలో అరెస్టు చేసే పద్ధతి ఏ చట్టంలోనూ లేదని ఉద్యోగమంతా అరెస్టులే చేసిన ఈ పెద్దమనిషికి తెలియదా? తెలుసు. కానీ డీసీపీ అన్నమాట చెవిన పడగానే ఆయన లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు. సెల్యూట్ కొట్టాక ప్రశ్న వెయ్యడం పోలీసు శాఖలో లేదు. రెండు గంటలు అలాగే నిలబడి, అడిగిన నంబర్లన్నీ అప్పజెప్పారు. ఎంత పోయిందో ఎవరికీ చెప్పలేదు, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను కూడా చెయ్యలేదు. ఫిర్యాదు తీసుకునేవాడు కానిస్టేబులై ఉంటాడని ఆయన అనుమానం.

నేనేదో అన్నీ ఎత్తిపొడుస్తున్నానని అనుకోకండి. మా దగ్గర నిజంగా బుర్రకు పని పెట్టే గది ఒకటుంది, అది పేకాట గది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కదా అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా మన సికింద్రాబాదులోని ఒక క్లబ్బులోనే. అంచేత జ్ఞాపకశక్తికి వ్యాయామమంటూ మావాళ్ళు మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవరు. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో పూసగుచ్చినట్టు చెబుతారు. భార్య వేసుకునే మాత్ర పేరు అడిగితే “తెల్లది” అంటారు.

భార్యలంటే గుర్తొచ్చింది, మహిళా విభాగం. దానికి కేటాయించిన శాఖలు ప్రార్థన, ముగ్గు, హారతి, బొట్టు, కార్తీక వనభోజనాల్లో పులిహోర. లెక్కల టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగినావిడ ఒకరున్నారు. సంఘం పద్దుల్లో తేడా వస్తోంది, ఓసారి చూస్తానని ఆవిడ అడిగారు. “అబ్బే, మీకెందుకమ్మా శ్రమ, మీ గొంతు బాగుంటుంది, స్వాగతగీతం పాడండి” అన్నారు కోశాధికారి గారు. ఆవిడ పాడారు. పద్దుల్లో తేడా అలాగే ఉంది.

ఈ నేల మీద పెద్దవాళ్ళు చదువుకుంటే ఏమవుతుందో తెలియనిది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు పెట్టారు. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్ళు లాంతరు దగ్గర అక్షరాలు దిద్దారు. పాఠాల్లో ఒకటి సారా వల్ల కూలిన కాపురం గురించి. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకుని, లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించాల్సి వచ్చింది. వాళ్ళకి వేదిక లేదు, అధ్యక్షత లేదు, తొలిపలుకులు లేవు. అన్నట్టు అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం కూడా. ఆ రోజున మా సంఘం చేసే పని వృద్ధులకు ఆటలపోటీలు పెట్టి, ప్రథమ బహుమతి అధ్యక్షులవారికి ఇవ్వడం. క్యారమ్స్‌లో ఆయన ఎర్రకాయ వేస్తే ఫాలో కాయ అడగరు.

మొన్నటి సర్వసభ్య సమావేశంలో నేనొక తీర్మానం పెట్టాను. నెలకో ఆదివారం వేదిక ఉండదు, అందరూ గుండ్రంగా కూర్చుంటారు, తెలిసినవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు నోట్సు రాసుకుంటారు. మొదటి పాఠం భూమి రికార్డులు చదవడం, చెప్పేది అటెండరు గారు. హాలు నిశ్శబ్దమైపోయింది. ముందుగా డి.టి. గారు తేరుకుని, విషయం సున్నితమైనదనీ, రెవెన్యూ రహస్యాలు ఇమిడి ఉన్నాయనీ అన్నారు. గుండ్రంగా కూర్చుంటే మొదటి వరస ఏదో ఎలా తెలుస్తుందని ఒక ఉపాధ్యక్షులు అడిగారు. పరిచయం చేసేటప్పుడు ఏ హోదా చదవాలన్నది ప్రచార కార్యదర్శి సందేహం. అటెండరు గారి మొహం చూశాను. తనకోసం ఇంత చర్చ జరుగుతుంటే అడ్డుగా ఉండటం మర్యాద కాదని గుమ్మం అవతలికి వెళ్ళిపోయాడు.

చివరికి త్రిసభ్య కమిటీ వేద్దామన్నారు. కమిటీకి అధ్యక్షుడెవరన్న దగ్గర మళ్ళీ ఆగింది. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లోంచి హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి, “అవన్నీ సరేనండీ, ఆయన పాఠం చెబుతుంటే ఆ రోజు మనందరికీ టీ ఎవరిస్తారు?” అన్నారు.

ఆవిడ అన్నది వెటకారానికి. ఎస్.ఈ. గారు గంభీరంగా తలపంకించి, ఇది ఎవరికీ తట్టని పాయింటన్నారు. ప్రధాన కార్యదర్శి దాన్ని మినిట్స్‌లో రెండో అంశంగా రాసుకున్నారు. కమిటీ ముందు దాన్నే తేల్చాలని తీర్మానమైంది, ఏకగ్రీవంగా.